గాజుతొట్టిలో పగడపుతోట – ఏంజెల్ చేపతో పొత్తు

నవరత్నములలో ఒకటిగా తెలుగువారు తరతరములుగా ఎరిగిన పగడము మధ్యధరా సముద్రమునుండి వచ్చు ఎర్రని ప్రవాళము. ఉష్ణమండల సముద్రములలో దిబ్బలు కట్టెడు పగడములు దానికి దూరపు చుట్టములు. రెండింటిలో దేనిని చూచినను చెట్టనియో రాయియనియో అనుకొనుట సహజము. 18వ శతాబ్దపు పూర్వార్ధమున పేసొనెల్ అను ఫ్రెంచి వైద్యుడు, పగడముపై పువ్వులవలె కనుపించునవి నిజమునకు జంతువులని చెప్పగా ఆనాటి పండితులు వెంటనే అంగీకరింపలేదు. కాలక్రమమున అతని మాటయే నిలిచినది.

దిబ్బ పగడము అనేకములైన చిన్న జీవుల ఉమ్మడి కాపురము. ఒక్కొక్క జీవి సున్నపు గిన్నెవంటి గూటిలో కూర్చుండి, నోటిచుట్టును మెత్తని స్పర్శాంగములను విప్పుకొనును. దాని కణములలో కంటికి కనరాని శైవలములు నివసించును. అవి వెలుతురును గ్రహించి ఆహారమును సిద్ధముచేసి, తమకు ఆశ్రయమిచ్చిన జీవికి పంచిపెట్టును. కావున జీవి విప్పుకొని ఉండుట దానికి అలంకారము కాదు; అన్నము. ముడుచుకొని గడపిన దినము దానికి పస్తే. ఈ ఒక్క విషయమును గుర్తుంచుకొనినచో, ఏంజెల్ చేపను పగడములతోకూడ ఒకే తొట్టిలో పెంచుట ఎందుకు కత్తిమీద సాము అయినదో తెలియును.

సముద్రజీవులను గాజుతొట్టిలో నిలుపవలెనను కోరిక కొత్తది కాదు. లండను జంతుప్రదర్శనశాలలో 1853లో మత్స్యశాల తెరువబడినది. మరుసటి సంవత్సరము ఫిలిప్ హెన్రీ గాస్ రచించిన గ్రంథముతో అక్వేరియము అను మాట ఇంటింటికి ప్రాకినది. కాని పగడములు మాత్రము చిరకాలము వశముకాలేదు. 1961లో జకార్తా నివాసి లీ చిన్ ఎంగ్, సముద్రమునుండి తెచ్చిన సజీవమైన రాళ్ళను తొట్టిలో అమర్చి, గాలిబుడగలతో నీటిని కదలించి జీవులను బ్రతికించు పద్ధతిని పత్రికాముఖమున వెల్లడించెను. రాతి రంధ్రములలోని సూక్ష్మజీవులే నీటిని శుభ్రపరచునను సూత్రము నేటికిని ఈ విద్యకు పునాది.

దేవదూత పేరు, కొరుకు బుద్ధి

మంచినీటి తొట్లలో తరచుగా కనుపించు త్రికోణాకారపు ఏంజెల్ చేప దక్షిణ అమెరికా నదులకు చెందినది. సముద్రపు ఏంజెల్ చేపలది వేరు కుటుంబము. అందు సుమారు 90 జాతులు కలవు. మొప్పల మూత క్రిందిమూలనుండి వెనుకకు పొడుచుకొని వచ్చు ముల్లు ఈ కుటుంబపు ఆనవాలు. చూపునకు ఇట్లే ఉండు సీతాకోకచిలుక చేపకు ఆ ముల్లు ఉండదు.

వీటిలో చక్రవర్తి ఏంజెల్ పేరుకు తగిన రాజసము కలది. పెరిగిన చేప 40 సెంటీమీటర్ల వరకు ఉండును. ఒడలినిండ పసుపు, నీలి చారలు. పిల్లచేప మాత్రము ముదురు నీలమున తెల్లని వలయములు గీచినట్లుండును. రెండింటికిని పోలికయే లేకపోవుటచే పూర్వపు శాస్త్రజ్ఞులు పిల్లను వేరొక జాతిగా భావించి నికోబారు దీవుల పేరిట నామకరణముచేసిరి. ఈ పెద్ద జాతులకు ముఖ్యాహారము స్పంజికలు. వాటితోబాటు రాతినంటియుండు ఇతర జీవులను కొరికి తినును.

సముద్రములో ఇట్టి చేప రోజంతయు విశాలమైన దిబ్బపై తిరుగుచు, ఇక్కడ ఒక కొరుకు, అక్కడ ఒక కొరుకు కొరికి సాగిపోవును. ఆ చిన్న గాయము మానుటకు పగడమునకు వ్యవధి చిక్కును. గాజుతొట్టిలో ఆ వ్యవధి లేదు. అదే చేప, అదే పగడము, అవే నాలుగు గోడలు. గంటకు పదిమార్లు పొడిచినచో జీవి విప్పుకొనుట మానివేయును. వెలుతురు అందక, ఆహారము లేక, కొన్ని వారములలో తెల్లని సున్నపు గూడు మాత్రము మిగులును. పిల్లికి చెలగాటము, ఎలుకకు ప్రాణసంకటము అను సామెత ఇచ్చట అక్షరాల సరిపోవును.

ఎంపికలోనే సగము విజయము

అన్ని ఏంజెల్ చేపలును ఒకే స్వభావము కలవి కావు. జెనికాంథస్ అను ప్రజాతికి చెందినవి నీటిలో తేలు సూక్ష్మప్రాణులను తిని బ్రతుకును. పగడములజోలికి దాదాపుగా పోవు. అవి ఈదుటకు విశాలమైన చోటు కావలెను గనుక తొట్టి 500 లీటర్లకు తగ్గకుండుట మేలు. రెండవ తెగ సెంట్రోపైజీ అను పొట్టి ఏంజెల్ చేపలు. చాలవరకు 10, 15 సెంటీమీటర్లు మించవు. మండుచున్న నిప్పువలె ఎర్రగా, నల్లని నిలువుచారలతో ఉండు జ్వాలా ఏంజెల్ వీటిలో ప్రసిద్ధము. ఇవి రాళ్ళమీది పాచిని గీకి తినును. అయినను ఒకటి సాధువుగా ఉండగా, అదే జాతికి చెందిన మరియొకటి పగడములను పాడుచేయవచ్చును. ముందుగా చెప్పుట ఎవరితరమును కాదు. మూడవ తెగ చక్రవర్తివంటి పెద్ద జాతులు. పగడపుతోటలో వీటిని ఉంచుట పెసరచేనిలో ఆబోతును విడుచుటయే.

పగడములలోను భేదము కలదు. కండగల పెద్ద జీవులు కలిగి మెదడువలె మడతలుపడి కనుపించునవి, గుండీలవలె గుంపుగా పరచుకొను జోయాంథిడులు, రాక్షసిగుల్లల మెత్తని అంచులు – ఇవి చేపకు మొదటి గురి. తోలువంటి మెత్తని పగడములు ఒడలిలో చేదు రసాయనములు దాచుకొనుటచే కొంత క్షేమముగా ఉండును.

చేర్చు క్రమము కూడ ముఖ్యమే. పగడములు స్థిరపడి, రాళ్ళపై పాచి పెరిగిన పిదప ఏంజెల్ చేపను అన్నిటికన్న చివర ప్రవేశపెట్టవలెను. దాగుటకు గుహలు, గీకుటకు రాళ్ళు ఉన్నచో దాని దృష్టి మరలును. పొట్టి ఏంజెల్ చేపకైనను 250, 300 లీటర్ల తొట్టి అవసరము. ఒకే జాతి మగచేపలు రెండింటిని చేర్చినచో పోరు తప్పదు.

ఆకలికిని నీటికిని నడుమ

కడుపునిండిన చేప తక్కువగా కొరుకును. కావున సముద్రపు పాచి, స్పిరులినా, చిన్నరొయ్యలు, స్పంజికలు కలిసిన మేత – వీటిని దినమునకు రెండు మూడుమార్లు కొద్దికొద్దిగా వేయవలెను. అయితే మేత హెచ్చినకొలది మలినము హెచ్చును. మలినమునుండి పుట్టిన అమ్మోనియాను సూక్ష్మజీవులు మొదట నైట్రైటుగా, పిమ్మట నైట్రేటుగా మార్చును. నైట్రేటు, ఫాస్ఫేటు మితిమీరినచో చేప ఓర్చుకొనునుగాని పగడము ఓర్వదు. మేత తగ్గించినచో చేప పగడమును కొరుకును. పెంచినచో నీరు పగడమును చంపును. ఈ రెండింటి నడుమ తూకము నిలుపుటలోనే పెంపకపు నేర్పంతయు ఉన్నది. నురుగుతో మలినమును వేరుచేయు యంత్రము, నియమముగా కొంత నీటిని మార్చుట దీనికి సహాయములు.

నీటి ఉష్ణోగ్రత 24 నుండి 27 డిగ్రీల సెల్సియస్ లోపల, లవణము వేయింట 35 పాళ్ళు ఉండవలెను. వేడిమి హద్దుమీరినచో పగడము తన శైవలములను వెళ్ళగొట్టి తెల్లబడును. తెలుగునాట వేసవిలో తొట్టినీటిని చల్లబరచు సాధనము లేనిదే ఈ పని తలపెట్టరాదు.

కొత్తచేపను కొన్ని వారములు వేరొక తొట్టిలో ఉంచి పరిశీలించుట తప్పనిసరి. తెల్లమచ్చల వ్యాధికి వాడు రాగి మందు పగడములకు, గుల్లలకు విషము. దానిని పగడపు తొట్టిలో ఎన్నడును వేయరాదు.

ఎవరి సొత్తు?

గోదావరీ కృష్ణలు తెచ్చు ఒండ్రు, మంచినీరు కలియుటచే ఆంధ్రతీరమున పెద్ద పగడపు దిబ్బలు ఏర్పడలేదు. మన్నారు సింధుశాఖ, కచ్ సింధుశాఖ, లక్షద్వీపములు, అండమాన్ నికోబారు దీవులు భారతదేశమున వీటికి నెలవులు. వన్యప్రాణి సంరక్షణ చట్టము, 1972 యొక్క మొదటి షెడ్యూలులో 2001లో దిబ్బలు కట్టు పగడములు చేర్చబడినవి. పులికి ఉన్న రక్షణయే వీటికిని కలదు. వీటిని సముద్రమునుండి తీయుట, అమ్ముట నేరము. విదేశీ రాతిపగడముల వ్యాపారము అంతర్జాతీయ ఒడంబడికకు లోబడి, అనుమతి పత్రములతో జరుగవలెను.

కొన్నిచోట్ల చేపలను పట్టుటకు దిబ్బపై సయనైడు చల్లెడు దురాచారము ఉన్నది. చేప మగతతో చేతికి చిక్కును. చుట్టునున్న పగడము చచ్చును. అట్లు వచ్చిన చేపకును ఆయువు తక్కువ. దీనికి ప్రత్యామ్నాయము లేకపోలేదు. మందారపు కొమ్మను నాటినట్లు, పగడపు ముక్కను కొత్త రాతికి అంటించి పెంచుచున్నారు. జ్వాలా ఏంజెల్‌ను 2000 తరువాతి తొలి సంవత్సరములలో హవాయి దీవులలో తొట్లలోనే గ్రుడ్డునుండి పెంచి పెద్దచేయగలిగిరి.

ఇన్ని జాగ్రత్తలు తీసుకొన్నను, ఒకనాడు చేప పగడమును కొరుకుట మొదలిడవచ్చును. అప్పుడు దానిని బోనుపెట్టెతో పట్టి వేరొక తొట్టికి మార్చవలసినదే. ఆ రెండవ తొట్టి సిద్ధముగా ఉన్న ఇంటికే ఏంజెల్ చేపను తెచ్చుకొను అర్హత కలదు.