అమ్మబోవు ఇల్లు: అపోహలు, వాస్తవములు

ఇల్లు అమ్మవలెనన్న సంకల్పము కలిగిన మరునాడే రంగుల మేస్త్రీకి కబురు పంపుట మన గృహస్థులలో ఆచారమైపోయినది. గోడలు తళతళలాడిన చాలును, కొనవచ్చినవాడు మారుమాట లేక బయానా యిచ్చి పోవునని మధ్యవర్తులును, బంధువులును ఏకకంఠముగ చెప్పుదురు. ఆ మాట నమ్మి, చేతనున్న కొద్దిపాటి ధనమును పైమెరుగులకు వెచ్చించి, నిజముగ చక్కబరుపవలసిన చెమ్మగోడలను, చెల్లాచెదరైన దస్తావేజులను, తెగని వాటాలను అట్లే వదలి, బేరము చివరిదాక వచ్చి తప్పిపోగా దైవమును దూరు కుటుంబములు ప్రతి యూరను గలవు. కొనువాడు అడుగబోవు ప్రతి ప్రశ్నకును ముందుగనే సమాధానము సమకూర్చుకొనుటయే ఇంటిని సిద్ధపరచుట యని నా దృఢవిశ్వాసము.

రంగు వేసిన చెమ్మ పోవునన్నది అన్నిటికంటె బలమైన అపోహ. పునాదినుండి గాని, పగిలిన గొట్టమునుండి గాని ఇటుకలలోనికి ఎక్కిన నీరు గోడ ఉపరితలమునకు వచ్చి ఆవిరియగునప్పుడు తనలో కరిగియున్న లవణములను అక్కడనే విడిచిపోవును. గోడ అడుగున తెల్లని పొడియై రాలు ఉప్పు అదియే. పూర్వపు సున్నపుపూత ఆ ఆవిరిని బయటికి పోనిచ్చెడిది. నేటి లప్పమును, దానిపై ప్లాస్టిక్ రంగును ఆ దారిని మూసివేయుటచే తేమ లోపలనే యడగి, ఒక్క వానకారు గడచునప్పటికే పూతను బుడగలుగ ఉబ్బించి పెచ్చులుగ ఊడదన్నును. అనుభవజ్ఞుడైన కొనుగోలుదారు స్నానాలగది వెనుకగోడపై అరచేయి ఆనించి చల్లదనమును పరీక్షించును. వ్రేలి కణుపుతో తట్టి గారలోని డొల్లచప్పుడు వినును. ఇల్లంతయు పాతబడియుండగ ఒక్క మూలనే క్రొత్తరంగు కనబడినచో మిగిలిన గదులను సైతము శంకించును. కావున డాబాపై నీరు నిలుచు పల్లములను, తూములను, గొట్టపు అతుకులను ముందు బాగుచేయించి, చెడిన గార ఊడబొడిపించి, గోడ పూర్తిగ ఆరిన పిమ్మట క్రొత్తగార వేయించి, ఆ తరువాతనే రంగు మాట తలపెట్టవలెను. వేసవి ఎండలే ఇందుకు తగిన అదను.

“చూచుకొని కొన్నాడు, ఇక నాకేమి బాధ్యత?” యనువారును గలరు. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టములోని 55వ సెక్షను ఇందుకు విరుద్ధముగ చెప్పుచున్నది. వేరుగ ఒప్పందము లేనిచో, అమ్మువానికి తెలిసియుండి, కొనువాడు సామాన్యమైన జాగ్రత్తతో కనుగొనజాలని ముఖ్యలోపమును, అది కట్టడమునకు సంబంధించినదైనను హక్కునకు సంబంధించినదైనను, వెల్లడింపకుండుట మోసముగనే పరిగణింపబడును.

ఇక కాగితముల సంగతి. ఇంటిపన్ను రసీదు తన పేర నున్నది గనుక ఇల్లు తనదేయని నమ్మువారు చదువుకొన్నవారిలోను కొల్లలు. పన్ను రసీదు పన్ను కట్టినందుకు గురుతే కాని హక్కునకు నిదర్శనము కాదు. కరెంటు బిల్లును అంతియే. జి.పి.ఏ. (సర్వాధికార ముక్త్యారునామా) మీద కొన్న ఇల్లు సంపూర్ణముగ తమదేయన్న భ్రమను 2011లో సుప్రీంకోర్టు తొలగించినది. రిజిస్టరైన విక్రయదస్తావేజు లేక యాజమాన్యము సంక్రమింపదని ఆ తీర్పు సారాంశము. ఈ.సి. (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) శుభ్రముగ నున్న చాలునన్నదియు సగము నిజమే. ఆ పత్రములో రిజిస్ట్రారు కచేరీకి ఎక్కిన లావాదేవీలే కనబడును. రిజిస్టరు కాని వీలునామాలు, నోటిమాటపై జరిగిన పంపకములు అందు కానరావు. అసలు దస్తావేజు పోయినచో ఇల్లే అమ్ముడుపోదని దిగులుపడుట మాత్రము అనవసరము: పోలీసులకు ఫిర్యాదు చేసి, పత్రికలో ప్రకటన వేయించి, రిజిస్ట్రారు కచేరీనుండి ధ్రువీకరించిన నకలు తెచ్చుకొనవచ్చును. కాని బేరము కుదిరిన పిమ్మట వెదుకులాడుటకంటె ముందే పూర్వపు చేతుల మార్పులను తెలుపు లింకు దస్తావేజులన్నియు వరుసగ పేర్చుకొనుట మేలు.

“ఆడపిల్లకు పసుపుకుంకుమ క్రింద ఇచ్చి పంపితిమి, ఆమె సంతకమెందుకు?” అన్న మాట ఎన్ని బేరములను చెడగొట్టెనో, ఎందరు తోబుట్టువులను కోర్టు మెట్లెక్కించెనో! నాకు మిక్కిలి బాధ కలిగించు అపోహ ఇదియే. తండ్రి స్వార్జితమైన ఇంటికి ఆయన వీలునామా వ్రాయక గతించినచో, 1956 నాటి హిందూ వారసత్వ చట్టము ప్రకారము భార్యకు, తల్లికి, కుమారులకు, కుమార్తెలకు సమాన భాగములు కలవు. ఉమ్మడి ఆస్తిలో పెండ్లికాని కుమార్తెలకు 1986 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టమే హక్కు నిచ్చెను. 2005 నాటి కేంద్ర సవరణ ఆ హక్కును పెండ్లియైన వారికిని విస్తరింపజేసెను. ఆనాటికి తండ్రి సజీవుడై యుండవలసిన పని లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చెను. ఇచ్చిన కట్నకానుకలు ఈ వాటాను రద్దుచేయవు. ఆమెను పిలిచి, గౌరవముగ కూర్చుండబెట్టి మాటలాడి, ఆమె భాగము ఆమెకు ముట్టజెప్పి సంతకము పొందుట సిద్ధపరచుటలో ప్రథమ కార్యము. ఆమె అమెరికాలో నున్నచో అచ్చటి భారత దౌత్యకార్యాలయములో ధ్రువీకరింపజేసి పంపిన ముక్త్యారునామాకు, అది ఈ దేశము చేరిన 3 నెలలలోపల, స్టాంపు సుంకము చెల్లింపవలెను.

దస్తావేజులో ధర తగ్గించి వ్రాసి మిగిలినది నగదుగ పుచ్చుకొనిన ఇరుపక్షములకును లాభమన్నది మరియొక దురభిప్రాయము. స్థిరాస్తి విక్రయమునకై 20,000 రూపాయలు గాని అంతకు మించి గాని నగదుగ తీసికొనుట 2015 నుండి నిషిద్ధము. తీసికొన్నంతయు జరిమానాగ పోగల ప్రమాదము అమ్మువానిదే. ధర 50 లక్షలు, ఆపైని అయినచో కొనువాడు 1 శాతము పన్ను కోసి ప్రభుత్వమునకు జమచేయవలెను. అమ్మువాడు ప్రవాసియైనచో కోత ఇంతకంటె చాల హెచ్చు గనుక తక్కువ కోతకై ఆదాయపు పన్ను శాఖనుండి ముందుగనే పత్రము పొందుట మంచిది.

వాస్తు పేర మెట్లు జరిపి, గుమ్మములు మార్చి అమ్మబూనువారు కొనువాని వాస్తుజ్ఞుడు వేరొక మాట చెప్పునని తలపరు. అంతకంటె ముఖ్యముగ, అట్టి మార్పులు మంజూరైన ప్లానును అతిక్రమించినచో, అప్పిచ్చు బ్యాంకువారి ఇంజనీరు ప్లాను చేతబట్టుకొని గది గదికి కొలతలు చూచునప్పుడు చిక్కువచ్చును. డాబాపై అనుమతి లేక వేసిన గది యున్నచో, కొనవచ్చినవానికి మొదటినాడే ఆ సంగతి చెప్పి, దానిని లెక్కలో చేర్పకయే ధర నిర్ణయింపవలెను.