పచ్చికాయలో దాగిన తెగులు

నిగనిగలాడే బంగినపల్లి కాయలు కొని తెచ్చి వరిగడ్డిలో మాగవేశారు. అప్పుడు వాటి మీద ఒక్క మచ్చ లేదు. కొన్ని రోజులకు తీసి చూస్తే పసుపు తొక్క మీద నల్లని మచ్చలు! గడ్డిలోనే అంటుకున్నాయని అనుకుంటున్నారా? చాలాసార్లు అసలు సంగతి అది కాదు. కాయ చెట్టున ఉండగానే తెగులు అందులో చేరి ఉంటుంది.

దీని పేరు ఆంత్రాక్నోస్. గ్రీకు భాషలో 'ఆంత్రాక్స్' అంటే బొగ్గు, 'నోసోస్' అంటే వ్యాధి. మన రైతులు మచ్చ తెగులు అనీ, పక్షికన్ను తెగులు అనీ అంటారు. కొల్లెటోట్రైకమ్ అనే శిలీంధ్రం దీనికి కారణం. ఎండు కొమ్మలు, మచ్చలు పడిన ఆకులు దీని స్థావరాలు. అక్కడ తయారైన సిద్ధబీజాలు వాన తుంపరలతో ఎగిరి లేత ఆకుల మీద, పూత మీద, పిందెల మీద పడతాయి. పూతకాలంలో వాన పడితే మామిడి రైతు దిగులుపడేది ఇందుకే. పూత నల్లబడి రాలిపోతుంది.

పిందె మీద పడిన సిద్ధబీజం తడిలో మొలకెత్తుతుంది. మొలక కొసన గట్టి బిళ్ళ వంటి భాగం ఏర్పడి కాయకు అతుక్కుంటుంది. దీన్ని అప్రెస్సోరియం అంటారు. దాని అడుగు నుంచి సన్నని పోగు తొక్క పైపొరను ఛేదించుకుని లోపలికి దిగుతుంది.

తరువాత ఎదుగుదల ఆగిపోతుంది. పచ్చికాయ తొక్కలో రిసార్సినాల్ తరగతికి చెందిన రసాయనాలు ఉంటాయి. అవి శిలీంధ్రాన్ని పెరగనివ్వవు. కాయ పండే కొద్దీ అవి తగ్గిపోతాయి, తొక్క మెత్తబడుతుంది. అంతవరకూ అణగి ఉన్న శిలీంధ్రం విజృంభిస్తుంది. రైతు అమ్మిన కాయ బాగానే ఉంటుంది. పండు మాత్రం కొన్నవారి ఇంట్లో కుళ్ళుతుంది.

మరి నివారణ ఎలా? రాగి మందుల వంటివి చల్లితే కాయ పైన పొరలా నిలిచి సిద్ధబీజాలను మొలకెత్తనివ్వవు. కానీ తొక్క కిందికి దిగిన పోగును అవి చేరలేవు. కనుక మచ్చ కనిపించాక చల్లితే డబ్బు దండుగ. ఎండు కొమ్మలు ముందే కత్తిరించి తోట నుంచి తీసివేయాలి. చెట్టులోకి గాలి, వెలుతురు వచ్చేలా చూడాలి. మందు చల్లవలసింది తెగులు లోపలికి చేరకముందే.

కోసిన కాయకు మరో ఉపాయం ఉంది. సుమారు 52 డిగ్రీల సెల్సియస్ వేడినీటిలో 5 నుంచి 10 నిమిషాలు ముంచి తీస్తారు. ఆ వేడికి తొక్క కింది శిలీంధ్రం దెబ్బతింటుంది, కాయకు హాని జరగదు. వేడి ఎక్కువైతే తొక్క కమిలిపోతుంది, తక్కువైతే శిలీంధ్రం బతికిపోతుంది. ఇక్కడ చేతి అంచనా పనికిరాదు, థర్మామీటరు ఉండవలసిందే.