నావికుడు చెరిపేసే వాన

ప్రొద్దుటూరు పాఠకుడొకరు ఈ నెల ఒక ప్రశ్న పంపారు. వాళ్ల తమ్ముడు సరుకు ఓడలో పనిచేస్తాడట. ఓడ రాడార్‌లో వాన కనిపించకుండా చేసే నాబ్ ఒకటి ఉంటుందని అతను చెప్పాడట. "మేమిక్కడ వాన ఎప్పుడొస్తుందా అని ఫోన్లో రాడార్ బొమ్మ చూస్తూ కూర్చుంటాం. వాళ్లక్కడ అదే వానను తుడిచేస్తారా? అదీ ఇదీ ఒకటేనా?" అని ఆయన సందేహం. ఈ ప్రశ్న వచ్చాక ఈ నెలకు అనుకున్న వేరే విషయాన్ని పక్కన పెట్టేశాను. ఎందుకంటే రాడార్ విద్యలోని అసలు రహస్యం ఈ ప్రశ్నలోనే ఉంది.

మూలసూత్రం చాలామందికి తెలిసిందే. గండికోట అంచున నిలబడి కేకేస్తే పెన్నా లోయ అవతలి గోడకు తగిలి కేక తిరిగొస్తుంది. రాడార్ పంపే రేడియో తరంగమూ అంతే. వెళ్లి రావడానికి పట్టిన కాలాన్ని బట్టి దూరం లెక్క కడతారు: మైక్రోసెకనుకు 150 మీటర్లు. తిరిగే ఏంటెన్నా ఆ క్షణాన ఎటు చూస్తోందో అదే దిక్కు. 1904లో జర్మనీలో క్రిస్టియాన్ హుల్స్‌మేయర్ దూరం కొలవకపోయినా, ఇలా తిరిగొచ్చే తరంగాలతోనే కొలోన్ నగరం దగ్గర రైన్ నదిలో వెళ్లే పడవలను పసిగట్టి చూపించాడు. ఓడలు ఢీకొనకుండా కాపాడాలన్నదే అతని ఆశయం. ఓడల కంపెనీలూ, జర్మన్ నౌకాదళమూ వద్దన్నాయి. ఆ పొరపాటు విలువ ప్రపంచానికి తెలియడానికి మరో మూడు దశాబ్దాలు పట్టింది.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ఓడ రాడార్ తెర మీద ముఖ్యమైన సర్దుబాట్లు మూడు: గెయిన్, సీ, రెయిన్. ఇవి అర్థం కావాలంటే ముందు దూరంతో పాటు బలం తగ్గే లెక్క ఒకటి చూడాలి. నాకు భౌతికశాస్త్రంలో ఇంతకన్నా అందమైన లెక్కలు కొన్నే తెలుసు.

రాడార్ పంపిన శక్తి పోతూపోతూ పరుచుకుంటుంది. అందుకే దూరం రెట్టింపైతే ఎదుటి ఓడకు తగిలేది నాలుగో వంతే. అక్కణ్ణుంచి వెనక్కి వచ్చేది కూడా దారిలో అలాగే పరుచుకుంటుంది, అదీ నాలుగో వంతే. రెండూ కలిస్తే పదహారో వంతు. అంటే ఎకో (తిరిగొచ్చిన తరంగం) బలం దూరపు నాలుగో ఘాతానికి విలోమంగా పడిపోతుంది. మైలు దూరంలో ఉన్న మరబోటు పది మైళ్లకు జరిగితే దాని ఎకో పదివేల రెట్లు బలహీనమవుతుంది.

సముద్రం సంగతి వేరు. అలలు కూడా తరంగాలను వెనక్కి కొడతాయి. అయితే మరబోటు పరిమాణం మారదు కానీ, రాడార్ కిరణం దూరం వెళ్లేకొద్దీ పక్కలకు వెడల్పై ఎక్కువ అలలను కప్పుతుంది. ఆ మేరకు నష్టంలో కొంత పూడుకుంటుంది. అందుకని అలల ఎకో పడిపోయేది నాలుగో ఘాతంతో కాదు, దాదాపు మూడో ఘాతంతో. వాన ఇంకో మెట్టు పైన ఉంటుంది. అది గాలిలో పొడవూ వెడల్పూ ఎత్తూ ఉన్న రాశి. కిరణం పక్కలకూ పైకీ కూడా విస్తరిస్తుంది కాబట్టి పట్టే చినుకులు దూరపు వర్గం లెక్కన పెరుగుతాయి. కిరణమంతా వానతో నిండి ఉంటే దాని ఎకో పడిపోయేది వర్గంతోనే. దూరం రెట్టింపైతే ఓడ పదహారో వంతుకు, అల ఎనిమిదో వంతుకు, వాన నాలుగో వంతుకు! ఒకే తెర మీద మూడు రకాల ఎకోలు మూడు వేర్వేరు చట్టాలను పాటిస్తున్నాయి. ఈ కలగలుపులోంచి ఓడను వేరుచేయడమే నాబుల పని.

గెయిన్ మొత్తం తెర మీద సున్నితత్వాన్ని పెంచుతుంది. తెరంతా సన్నటి చుక్కలు కనిపించేదాకా పెంచి, ఆపైన కొద్దిగా తగ్గించడం అనుభవజ్ఞుల పద్ధతి. చుక్కలు బొత్తిగా లేకపోతే బలహీనమైన ఎకోలు కూడా పోయినట్టే. సీ నాబ్ ఇంకా తెలివైనది. తరంగం బయలుదేరిన వెంటనే, అంటే దగ్గరి ఎకోలు వచ్చే వేళ, రిసీవర్ సున్నితత్వాన్ని బాగా తగ్గించి, మైక్రోసెకన్లు గడిచేకొద్దీ తిరిగి పెంచుకుంటూ పోతుంది. దాంతో తెర మధ్యలో అలల తెల్లటి ముద్ద పలచబడుతుంది. ఇక్కడే ప్రమాదం. ముద్దను పూర్తిగా తుడిచేస్తే దానితో పాటు విశాఖ, కాకినాడ తీరాల్లో వేటకెళ్లే ఫైబర్ పడవా, చెక్క తెప్పా కూడా తెర మీంచి మాయమవుతాయి. లోహం లేని పడవ ఎకో అల ఎకో కన్నా పెద్ద గొప్పది కాదు. అలల మరకలు కొన్ని మిగిలేలా నాబ్‌ను ఆపడమే నేర్పు. సముద్రంలో ఢీకొనకుండా పాటించాల్సిన 1972 నాటి అంతర్జాతీయ నియమాల్లో ఆరోది, చిన్న పడవలు రాడార్‌కు చిక్కకపోవచ్చని స్పష్టంగా హెచ్చరిస్తుంది. అరకొర రాడార్ సమాచారంతో ఊహలు చేయొద్దని ఏడోది చెబుతుంది.

అటువంటి ఊహలు చేసినవాళ్లు చిన్నవాళ్లేమీ కాదు. 1943 జులైలో అలూషియన్ దీవుల దగ్గర అమెరికా యుద్ధనౌకలు రాడార్‌లో కనిపించిన ఎకోల మీద రాత్రి వేళ భారీ ఫిరంగులు పేల్చాయి. అక్కడ శత్రు నౌక ఒక్కటీ లేదు. అవి సముద్రపక్షుల గుంపుల నుంచి వచ్చిన ఎకోలై ఉండవచ్చన్నది ఇప్పుడు బలంగా వినిపించే వివరణ. అదే యుద్ధకాలంలో బ్రిటన్‌లో డేవిడ్ లాక్, జార్జ్ వార్లీ అనే ఇద్దరు జీవశాస్త్రవేత్తలు కొన్ని వింత ఎకోలు పక్షులవేనని తేల్చి, 1945లో 'నేచర్' పత్రికలో ప్రకటించారు. 1956 జులై 25న ఆండ్రియా డోరియా, స్టాక్‌హోమ్ ఓడలు ఒకదాన్నొకటి రాడార్‌లో చూసుకుంటూనే ఢీకొన్నాయి. ఆండ్రియా డోరియా అధికారులు ఎదుటి ఓడ కదలికను కాగితం మీద ప్లాట్ వేసి చూడలేదు. ఎకో కనిపించడం వేరు, అదేమిటో, ఎటు పోతోందో తెలుసుకోవడం వేరు.

ఇక పాఠకుడు అడిగిన రెయిన్ నాబ్. వాన ఎకో మైళ్ల కొద్దీ సాగే పొడుగాటి సంకేతం. ఓడ ఎకో చప్పున లేచి చప్పున పడే పొట్టి సంకేతం. సంకేతం ఒక్కసారిగా పెరిగే చోటును మాత్రమే నిలిపి, సాగే భాగాన్ని కోసేస్తే వాన పలచటి అంచుగా మారుతుంది, ఓడ మిగులుతుంది. కానీ ఓడ రాడార్లు సాధారణంగా వాడే మూడు సెంటీమీటర్ల తరంగాలను కుండపోత వాన మింగేస్తుంది. అప్పుడు వాన వెనకున్న ఓడను ఏ నాబూ తిరిగి తేలేదు. అందుకే పెద్ద ఓడలు పది సెంటీమీటర్ల రాడార్ కూడా పెట్టుకుంటాయి. చినుకు నుంచి వచ్చే ఎకో తరంగదైర్ఘ్యపు నాలుగో ఘాతానికి విలోమంగా ఉంటుంది కాబట్టి, పది సెంటీమీటర్ల దగ్గర వాన వంద రెట్లకు పైగా మసకబారుతుంది.

వాతావరణ రాడార్ దీన్నంతా తలకిందులు చేస్తుంది. నావికుడు కోసేసిన ఆ పొడుగాటి సంకేతమే దానికి ప్రాణం. దూరంతో తగ్గిన బలాన్ని వర్గం లెక్కనే పూడ్చి, 1948లో మార్షల్, పామర్ ఇచ్చిన సూత్రంలాంటి వాటితో గంటకు ఎన్ని మిల్లీమీటర్లో అంచనా కడుతుంది. నావికుడు వెతికే తీరపు కొండలు దానికి చెత్త. కదలనిది కొండ, కదిలేది వాన అని డాప్లర్ పద్ధతిలో గుర్తించి కొండను తీసేస్తుంది. 2021 నవంబరు 19 తెల్లవారుజామున చెన్నై దగ్గర తీరం దాటిన వాయుగుండం వానలతో చెయ్యేరు నది పొంగి, ఆ రోజే రాజంపేట దగ్గరి అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. ఆ మేఘాల కింద ఓడ నడిపే ఏ అధికారి అయినా వానను తెర మీద తగ్గించుకోవాల్సిందే, అది అతని ధర్మం. రాజంపేటకు మాత్రం ఆ వానే వార్త.

మన రాయలసీమకే చెందిన గాదంకి రాడార్ ఇంకో అడుగు ముందుకు వేసింది. తిరుపతి దగ్గర 53 మెగాహెర్ట్జ్ మీద పనిచేసే ఆ కేంద్రంలో 1,024 యాగీ ఏంటెన్నాలు నేల మీద బారులు తీరి ఉంటాయి. మబ్బు లేని గాలిలోని అలజడి నుంచి వచ్చే అతి బలహీనమైన ఎకోలను పట్టి, పై గాలుల వేగం చెబుతుంది. మామూలు రాడార్‌కు ఖాళీ అనిపించే ఆకాశమే దాని పరిశోధన వస్తువు.

చివరగా ఒక ఫిర్యాదు. కర్నూలును హైదరాబాద్ రాడార్ దాదాపు 180 కిలోమీటర్ల నుంచి చూస్తుంది. కడపను శ్రీహరికోట రాడార్ దాదాపు 170 కిలోమీటర్ల నుంచి చూస్తుంది. భూమి వంపు వల్ల అర డిగ్రీ ఎత్తులో పంపిన కిరణం అంత దూరం వచ్చేసరికి నేలకు మూడు, మూడున్నర కిలోమీటర్ల పైన ఉంటుంది. మన వేడి పొడి గాలిలో మబ్బు కింద వేలాడే వాన దారలు నేలకు చేరకముందే ఇగిరిపోవడం సీమ రైతుకు అలవాటైన దృశ్యం. ఫోన్లో ఆకుపచ్చ రంగు, పొలంలో దుమ్ము! నావికుణ్ణి విసిగించే మూడు సెంటీమీటర్ల తరంగమే ఇక్కడ మందు. వానకు అది చాలా సున్నితం, రాడార్ చిన్నది, ఖర్చు తక్కువ. హిమాలయాల్లోని కుఫ్రి, ముక్తేశ్వర్‌లలో 2021లో అలాంటివే పెట్టారు. 2024 సెప్టెంబరులో కేంద్రం ఆమోదించిన మిషన్ మౌసమ్ కింద కొత్త రాడార్లు వస్తాయన్నారు. వాటిలో ఒకటి నంద్యాల, కడపల మధ్య నిలబడి ఈ ప్రాంతపు వానను దగ్గర నుంచి, కింద నుంచి చూడాలి. మూడు కిలోమీటర్ల పైన కురిసే వానను కొలిచి, వేరుశనగ విత్తుకోమని రైతుకు చెప్పడం న్యాయం కాదు.