మీకు తెలుసా? పలక మీద బాకీ, పలకతో చీవాట్లు

మార్కాపురం పలక మీద ‘అ’ దిద్దిన వాళ్లకు స్లేటు అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. మరి బ్రిటన్‌లో ఆ మాటను మామూలు కబుర్లలో ఎన్ని రకాలుగా వాడతారో మీకు తెలుసా?

అక్కడి పబ్బులో ఒకాయన గ్లాసు ఖాళీ చేసి ‘పుట్ ఇట్ ఆన్ ద స్లేట్’ అన్నాడంటే, మన గిద్దలూరు అంగట్లో ‘ఖాతాలో రాసుకో’ అన్నట్టే. ఒకప్పుడు అక్కడ అరువు లెక్కలు నిజంగానే పలక మీద సుద్దతో రాసుకునేవారు. డబ్బు ముట్టగానే తుడిచేస్తే బాకీ చెల్లు. పాత గొడవలు వదిలేసి కొత్తగా మొదలుపెట్టడాన్ని ‘క్లీన్ స్లేట్’ అనడంలో ఉన్నదీ ఆ తుడిచిన పలకే.

బ్రిటన్‌లో ఇళ్ల కప్పులకూ ఈ రాతి పలకలే వేస్తారు. అందుకే కాస్త తిక్కగా ఉండే మనిషిని ‘ఎ స్లేట్ లూజ్’ అనేవారు. మనం ‘స్క్రూ లూజు’ అంటాం కదా, అదే! ఆ కప్పురాయికి పేరుపడిన వాయవ్య వేల్స్ గనుల ప్రాంతాన్ని యునెస్కో 2021లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

మన రాయికీ చరిత్ర తక్కువేం కాదు. భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ 1872లోనే ఈ రాతి పొరలకు మన కంభం పేరు పెట్టి ‘కంభం స్లేట్లు’ అని రాశాడు. వంద కోట్ల ఏళ్లకు పైబడిన బురద అది. భూమి లోపలి ఒత్తిడికీ వేడికీ గట్టిపడి రాయైంది. అంచున ఉలి ఆనించి సుత్తితో తడితే పొర పొరగా విడివడుతుంది. ఆ పొరను నున్నగా రుద్ది, చుట్టూ చెక్క చట్రం బిగిస్తే బడి పలక. బలపం పట్టిన ప్రతి పిల్లకూ ఈ సంగతి చెప్పాలి.

ఇంగ్లిషు పేపరు చదివే విద్యార్థులు ఒకచోట మాత్రం జాగ్రత్తగా ఉండాలి. బ్రిటిష్ పత్రిక ఒక సినిమాను ‘స్లేటెడ్’ అందంటే విమర్శకులు దాన్ని ఉతికి ఆరేశారని. అమెరికా పత్రికలో అదే మాట కనిపిస్తే విడుదలకు ముహూర్తం కుదిరిందని! పక్క మాట చూస్తే తేడా తెలిసిపోతుంది: ‘ఫర్ జూన్’ అని ఉంటే విడుదల తేదీ, ‘బై క్రిటిక్స్’ అని ఉంటే చీవాట్లు.