ఇంగ్లీషు బైబిలులలో ఏది చదవాలి?



కొండాపూరు నుండి ఒక సహోదరి ఉత్తరము వ్రాసినది. భార్యాభర్తలిద్దరూ హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేరు ఉద్యోగులు. అత్తగారు వారితోనే ఉంటారు. రాత్రి కుటుంబ ప్రార్థనకు కూర్చుంటే అత్తగారి చేతిలో తెలుగు బైబిలు, ఈమె చేతిలో ఎన్.ఐ.వి., భర్త ఫోనులో ఇ.ఎస్.వి. పదకొండేండ్ల కుమారునికి ఎవరో పుట్టినరోజుకు బహుమానముగా ఇచ్చిన కింగ్ జేమ్స్ బైబిలు ఉన్నది. వానికి తెలుగు చదవడము రాదు. ఇలాగే సాగుతుండగా ఒక గృహ కూటములో ఒక సహోదరుడు ఈమె బైబిలు చూచి, "ఇందులో వచనాలు తీసివేశారమ్మా, ఇది చదవకండి" అన్నాడట. అది చనిపోయిన తండ్రి ఇచ్చిన బైబిలు. "అయ్యగారూ, మూడు నెలలైనది, దానిని తెరవలేదు. ఏది నిజమైన బైబిలు?" అని అడిగినది.

అమ్మా, ముందు ఆ బైబిలు తెరవండి. తరువాత మాట్లాడుకుందాము.

వచనాలు తీసివేశారు అనే మాటను ఊరకే కొట్టివేయకూడదు, పరీక్షించాలి. మార్కు సువార్త 9వ అధ్యాయము 29వ వచనము చూడండి. శిష్యులు దయ్యమును వెళ్లగొట్టలేకపోయిన సందర్భము. కింగ్ జేమ్స్‌లో అక్కడ ప్రార్థనతో పాటు ఉపవాసము కూడా ఉన్నది. ఎన్.ఐ.వి. వచనములో ప్రార్థన మాత్రమే. అలాగే 1 యోహాను 5వ అధ్యాయములో పరలోకమందు సాక్ష్యమిచ్చు ముగ్గురిని గూర్చిన మాట కింగ్ జేమ్స్‌లో ఉన్నది, ఎన్.ఐ.వి.లో అడుగున గమనికగా ఉన్నది. ఇప్పుడు అత్తగారి తెలుగు బైబిలు అడిగి తీసుకొని ఆ రెండు చోట్లు చూడండి. మన తాతలు, తల్లిదండ్రులు కన్నీటితో చదివిన పాత తెలుగు తర్జుమాలో కూడా మార్కు 9:29 వచనములో ఉపవాసము లేదు, యోహాను పత్రికలో ఆ పరలోక సాక్షులు లేరు! ఎన్.ఐ.వి.ని తప్పు పట్టిన సహోదరుడు ఆదివారము ఆ తెలుగు బైబిలుతోనే గుడికి వెళ్లుచుండవచ్చును.

కారణమేమిటి? 1611లో కింగ్ జేమ్స్ పండితుల చేతిలో ఉన్న గ్రీకు పాఠము, 1516లో ఎరాస్మస్ అచ్చువేసిన పాఠము నుండి వచ్చినది. ఆయనకు దొరికిన వ్రాతప్రతులు కొద్ది, చాలామట్టుకు ఆలస్యపు కాలమువి. పరలోక సాక్షుల మాట ఆయన మొదటి రెండు ముద్రణలలో లేదు. 1522లో మూడవ ముద్రణలో చేర్చాడు. తరువాత 19వ శతాబ్దములో సీనాయి కొండ దగ్గరి మఠములో టిషెండార్ఫ్ అనే పండితుడు 4వ శతాబ్దపు ప్రతిని కనుగొన్నాడు. అటువంటి ప్రాచీన ప్రతులు వెలుగులోనికి వచ్చినప్పుడు కొన్ని మాటలు వాటిలో కనబడలేదు. వచనములకు అంకెలు వేసినది 1551లో, పాత అచ్చు పాఠమును బట్టి. అందుకే కొత్త తర్జుమాలలో కొన్నిచోట్ల అంకె దాటిపోయినట్టు కనబడుతుంది. దొంగతనము జరుగలేదు. కింగ్ జేమ్స్ వెనుక ఉన్న పాఠమునే నమ్మకముతో పట్టుకొన్న భక్తులు ఉన్నారు, వారిని నేను గౌరవిస్తాను. అయితే వేరొకరి చేతిలోని బైబిలును మూయించే అధికారము ఎవరికీ లేదు.

ఇక పిల్లవాని సంగతి. కింగ్ జేమ్స్ భాష గంభీరమైనది, వినసొంపైనది. కాని నాలుగు వందల యేండ్లలో మాటల అర్థము మారిపోయినది. 1 థెస్సలొనీక 4:15లో ప్రివెంట్ అనే మాట ఉన్నది. నేటి పిల్లవానికి అది అడ్డగించడము. ఆనాడు దానికి అర్థము ముందుగా వెళ్లడము, మన తెలుగులో సరిగా అలాగే ఉన్నది. 2 థెస్సలొనీక 2:7లో లెట్ అంటే అనుమతించడము కాదు, అడ్డగించడము! రోజంతా ప్రోగ్రాములలో లెట్ అని వ్రాసే తండ్రి కూడా అక్కడ తడబడతాడు. తెలియని మాట వస్తే నిఘంటువు చూస్తాము. తెలిసినట్టే ఉన్న మాట మనలను మోసగిస్తుంది. కాబట్టి వానికి ఎన్.ఐ.వి. గాని, 1996లో వచ్చిన ఎన్.ఎల్.టి. గాని ఇవ్వండి. బహుమానము అలమరలో ఉండనివ్వండి, పెద్దవాడైనాక చదువుకుంటాడు.

మీవారి ఇ.ఎస్.వి. 2001లో వచ్చినది. అదీ, ఎన్.ఎ.ఎస్.బి.యు, 1982 నాటి ఎన్.కె.జె.వి.యు మూలములోని మాటను వెంబడించే తర్జుమాలు, వాక్యము ధ్యానించి బోధ సిద్ధపరచుకొనుటకు మంచివి. ఎన్.ఐ.వి. మాటకు, భావమునకు మధ్య నడుస్తుంది. ఎన్.ఎల్.టి. భావము వైపు మొగ్గుతుంది. ది మెసేజ్ అనేది యూజీన్ పీటర్సన్ అనే ఒక్క సేవకుడు తన మాటలలో వ్రాసినది. ప్రక్కన పెట్టుకొని చదవవచ్చును గాని దానిలోని ఒక్క మాటను పట్టుకొని సిద్ధాంతము కట్టకండి. సాఫ్ట్‌వేరులో కొత్త వెర్షన్ వస్తే పాతది తీసివేయడము మీకు అలవాటు. ఇక్కడ ఆ లెక్క పనికిరాదు.

మరొక మాట. ఇంగ్లీషు వచ్చినదని తెలుగు బైబిలును చిన్నచూపు చూడకండి. ఇంగ్లీషులో వుయ్ అనే ఒక్క మాటే ఉన్నది, మనకు మేము, మనము అని రెండున్నవి. గాలివానలో శిష్యులు ప్రభువును లేపి, నశించిపోవుచున్నామని కేక వేశారు గదా, మార్కు 4:38. అక్కడ మన అనువాదకులు మేము అని పెట్టారు. ప్రభువు అదే దోనెలో ఉన్నాడు, అయినను తమ లెక్కలో ఆయనను చేర్చుకోలేదు. ఇంగ్లీషు చదువరికి ఈ సంగతి ఎన్నటికీ కనబడదు. ఈ భాషకు సువార్తలను తేవడానికి 1805లో విశాఖపట్నము చేరిన క్రాన్, డెస్ గ్రాంజెస్ అనే మిషనెరీలు ఆనందరాయర్ సహాయముతో శ్రమించారు. మూడు సువార్తలు 1812లో శ్రీరాంపూరులో అచ్చయ్యేనాటికి ఆ మిషనెరీలిద్దరూ మృతిపొందియున్నారు.

సహోదరీ, మీ తండ్రిగారి బైబిలు మొదటి పేజీ వెనుక సంవత్సరము చూడండి. ఎన్.ఐ.వి.ని 1984లో ఒకసారి, 2011లో మరొకసారి సవరించారు. ఫోనులో వచ్చేది 2011 పాఠము. మీ చేతిలోనిది 1984 పాఠమైతే కూటములో ఇతరులు చదివేదానితో అక్కడక్కడ కలియదు, కలవరపడకండి. ఆ పాఠము ఇప్పుడు అచ్చువేయడము లేదు గనుక దానిని భద్రముగా ఉంచుకోండి.

ఈ రాత్రి ప్రార్థనలో లూకా 22వ అధ్యాయము 31, 32 వచనములు నలుగురూ నాలుగు బైబిలులలో చదవండి. సాతాను జల్లించ కోరినది ఎందరిని, ప్రభువు ప్రార్థించినది ఎవరి కొరకు అని పిల్లవానిని అడగండి. మీ 1984 ఎన్.ఐ.వి.లో రెండు చోట్లా యు అనే ఉంటుంది. 2011లో మొదటిదానిని మీరందరు అనే అర్థము వచ్చేలా మార్చారు. కింగ్ జేమ్స్‌లో మొదట యు, తరువాత దీ అని వేరుగా ఉంటుంది, కాబట్టి ఈసారి వాని పాత బైబిలే వానికి జవాబు చెప్పగలదు. చివరగా అత్తగారిని తెలుగులో చదవమనండి. మిమ్మును అని ఒకచోట, నీకొరకు అని మరొకచోట. పిల్లవాడు చూచి చదవలేకపోయినా, నాయనమ్మ నోట వింటే వానికి అర్థమవుతుంది.