కొండ నీడలో సెంటు లెక్క

పెనుకొండ: ఒకప్పుడు ఎండాకాలం వస్తే రాజులు ఈ కొండకు విడిదికి వచ్చేవారు. ఇప్పుడు ఆదివారం వస్తే స్థలాలు చూసుకునేవారు వస్తున్నారు. విజయనగర ప్రభువులకు వేసవి విడిది ఈ ఊరు. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత ఆరవీటి తిరుమల దేవరాయలు రాజధానిని ఇక్కడికే మార్చుకున్నాడు. గగన్‌మహల్, బాబయ్య దర్గా, పార్శ్వనాథుని గుడి చూసేందుకు వచ్చే యాత్రికులు నేటికీ ఉన్నారు. అయితే టీ కొట్ల దగ్గర కోట గురించి అడిగేవారు తక్కువ. ‘ఈ పక్క సెంటు ఎంత పలుకుతోంది?’ అన్న మాటే ఎక్కువ.

ఈ ప్రశ్నకు ఊళ్లో ఒక్క జవాబు లేదు. హైవేకు ఎంత దూరం, ఫ్యాక్టరీకి ఎంత దూరం, బోరులో నీళ్లు పడతాయా అన్న దాన్నిబట్టి జవాబు మారుతుంది. ఒకే ఊరి పొలంలో గట్టుకు ఇవతల ఒక ధర, అవతల ఒక ధర.

కారు వచ్చింది, లెక్క మారింది

అనంతపురం సీమలో భూమికి ఇంత గిరాకీ ఎప్పుడూ లేదు. ఏడాదికి అయిదారు వందల మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప. వేరుశనగ వేసి ఆకాశం వైపు చూడడం, బోరు వేయించి అప్పుల పాలు కావడం ఇక్కడి రైతుకు అలవాటైన బతుకు. ఆడపిల్ల పెళ్లికో, బోరు అప్పు తీర్చడానికో తప్ప భూమి అమ్మేవారు కారు. అమ్మినా పక్క రైతే కొనేవాడు. మడకకు పనికొస్తుందా లేదా అన్నదే అప్పటి ధర.

2017 ఏప్రిల్ 27న కియా కార్ల కంపెనీతో రాష్ట్ర ప్రభుత్వం ఒప్పందం చేసుకుంది. పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర 536 ఎకరాల్లో కర్మాగారం లేచింది. 2019 ఆగస్టు 8న తొలి సెల్టోస్ కారు బయటికి వచ్చింది. ఏటా 3 లక్షల కార్లు చేసే సామర్థ్యంతో మొదలైన కర్మాగారమది. విడిభాగాలు అందించే కంపెనీలు చుట్టూ వెలిశాయి. కొరియా ఇంజనీర్లు దిగారు. వారి వంటకాల కోసం హోటళ్లు వచ్చాయి. హైవే పక్కన బోర్డులపై తెలుగు, కన్నడ అక్షరాల సరసన కొరియా అక్షరాలు చేరాయి. పల్లెలో మిద్దె ఉన్నవాడు పైన మరో అంతస్తు వేసి అద్దెకిచ్చాడు. 2022 ఏప్రిల్ 4న పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడడంతో స్థలాల వ్యాపారులకు చెప్పుకోవడానికి మరో మాట దొరికింది.

ధర పెంచింది నీళ్లే

ఫ్యాక్టరీ కంటే ముందు నీళ్లు వచ్చాయి. శ్రీశైలం వెనుక జలాల నుంచి హంద్రీ-నీవా కాలువ మీదుగా ఎత్తిపోసిన కృష్ణా నీరు 2016 చివర్లో పెనుకొండ దగ్గరి గొల్లపల్లి జలాశయానికి చేరింది. ఆ నీరే లేకుంటే కార్ల కర్మాగారం ఇటు చూసేది కాదు. ట్యాంకర్ల కోసం బిందెలతో కాపు కాసిన హిందూపురానికి కూడా ఆ జలాశయం నుంచే పైపులైను వేశారు.

ఇది కొత్త కథ కాదు. 1388 నాటి శాసనమొకటి ఉంది. పెనుకొండను ఏలుతున్న బుక్కరాయలు జలసూత్రం తెలిసిన సింగాయభట్టును పిలిపించి, పెన్నా నీటిని పెనుకొండకు తెప్పించమని ఆజ్ఞాపించాడని అందులో ఉంది. నీరు వచ్చాక ఊరు రాజధానికి తగినదైంది. ఆరు వందల ఏళ్ల తర్వాత జరిగిందీ అదే. కాలువ ప్రజల సొమ్ముతో వచ్చింది. రోడ్డు ప్రజల సొమ్ముతో వచ్చింది. పెరిగిన ధర మాత్రం ఆనాటికి భూమి ఎవరి చేతిలో ఉంటే వారికే చెందింది. చాలాచోట్ల అప్పటికే ఆ చేయి రైతుది కాదు.

ఎకరాకు నూరు సెంట్లు. రైతు ఎకరాల లెక్కన అమ్ముతాడు. వ్యాపారి సెంట్ల లెక్కన అమ్ముతాడు. రోడ్లకు, కాలువలకు, ఉమ్మడి స్థలానికి పోగా లేఅవుట్‌లో సుమారు అరవై సెంట్లే ప్లాట్లుగా మిగులుతాయి. ఆ అరవై సెంట్ల మీదే నూరు సెంట్ల ఖర్చూ, లాభమూ రాబట్టాలి. అందుకే ఎకరా అమ్మిన రైతు, నాలుగేళ్లకు కొడుకు ఇల్లు కట్టుకుంటానంటే అదే పొలంలో మూడు సెంట్లు కొనడానికి వెనకాడుతున్నాడు.

సరిహద్దు దాటి వచ్చిన గిరాకీ

హిందూపురం, లేపాక్షి, చిలమత్తూరు వైపు కథ వేరు. అక్కడ బేరం బెంగుళూరు నుంచి వస్తుంది. కర్ణాటకలో రైతు కానివాడు పొలం కొనకూడదన్న నిబంధన 2020 దాకా ఉండేది. ఆంధ్రలో ఆ అడ్డు లేదు. సరిహద్దు దాటితే ధర కూడా తక్కువ. అందువల్ల సెలవు రోజుల్లో వచ్చి ఉండేందుకు తోట, చిన్న ఇల్లు కావాలనేవారు ఇటు వచ్చారు. వారి లెక్క సెంట్లలో ఉండదు. ‘థర్టీ-ఫార్టీ సైటు’ అంటారు. అంటే 1,200 చదరపు అడుగులు, మన లెక్కలో రెండు ముక్కాలు సెంట్లు.

భూమి తీసుకుని ఊరికే ఉంచిన అనుభవమూ ఈ ప్రాంతానికుంది. చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లో నాలెడ్జ్ హబ్ పేరిట 8,844 ఎకరాలు కేటాయించారు. అనుకున్న పరిశ్రమలు రాలేదు. వ్యవహారం దర్యాప్తులకు, కోర్టులకు ఎక్కింది. సేద్యమూ పోయి, ఉద్యోగమూ రాని రైతులకు ఆ మాట ఎత్తితే ఇప్పటికీ కడుపు మండుతుంది.

మగ్గం గుంత ఎక్కడ తవ్వాలి?

ధర్మవరంలో ఇంటి అద్దె పెరిగితే దెబ్బ తగిలేది మగ్గానికే. చేనేత కార్మికుడికి ఇల్లు ఒక్కటే నివాసం, అదే పనిచోటు. గుంత మగ్గానికి నేల తవ్వాలి. పడుగు సాచడానికి పొడవైన గది కావాలి. సొంత ఇల్లు లేని నేతగాడిని యజమాని ముందే అడుగుతాడు: ‘నేల తవ్వుతావా?’ టైల్స్ పరిచిన కొత్త ఇళ్లలో మగ్గానికి చోటు లేదు. పాత పెంకుటిళ్లు కూల్చి మిద్దెలు లేపిన కొద్దీ పట్టు చీర నేసే చేతులు ఊరి చివరకు జరగవలసి వస్తోంది. ఇంటి స్థలం ఇచ్చేటప్పుడు మగ్గానికి సరిపడా చోటు కలిపి ఇవ్వాలన్న కోరిక అందుకే న్యాయమైనది.

కొనేముందు నాలుగు కాగితాలు

స్థలం కొనే సామాన్యుడు రంగుల కరపత్రం చూసి బయానా ఇవ్వరాదు. అది డీకేటీ పట్టా భూమా కాదా మొదట చూడాలి. పేదలకు ప్రభుత్వమిచ్చిన భూముల బదిలీని 1977 చట్టం నిషేధించింది. ఇచ్చి 20 ఏళ్లు దాటిన భూములకు 2023లో సడలింపు వచ్చినా, సదరు సర్వే నెంబరు నిషేధిత జాబితాలోంచి తొలగిందో లేదో రిజిస్ట్రారు కార్యాలయంలో విచారించాలి. ఈసీ తీయించాలి. లేఅవుట్‌కు పట్టణాభివృద్ధి సంస్థ అనుమతి ఉందా, పెద్ద వెంచరైతే రెరాలో నమోదైందా అని అడగాలి.

అన్నిటికంటే ముఖ్యం, ఊరి పెద్దల్ని అడగాలి. వాన పడితే నీరు ఎటు పారుతుందో వారికి తెలుసు. కొండ మీది నీరు వంకల్లో దిగి చెరువు చేరాలి. వంక పూడ్చి ప్లాటు వేస్తే, ఏళ్ల తరబడి ఏమీ కాదు. ఒక్క పెద్ద వాన చాలు, నీరు తన దారి వెతుక్కుంటూ ఇంట్లోకి వస్తుంది. కరువు సీమలో చెరువు గర్భం ఎండి ఉందని అది ఖాళీ స్థలం కాదు.

పరిశ్రమలు రావాలి, కొత్త ఇళ్లూ రావాలి. వంకలకు, చెరువులకు హద్దురాళ్లు పాతి, ఆ పటాలను పంచాయతీ గోడల మీద అందరికీ కనిపించేలా పెట్టడం అధికారులకు పెద్ద పని కాదు. ఆ రాయి ఈరోజు పాతకపోతే, రేపు పాతడానికి చోటు మిగలదు.