నల్లగొండ బోరునీళ్లలో ఫ్లోరైడ్ ఎందుకు?

ఫ్యాక్టరీ లేని ఊళ్లోనూ నీళ్లు చెడతాయా? చెడతాయి. నల్లగొండ జిల్లాలో మర్రిగూడ, మునుగోడు వైపు పల్లెల్లో బోరునీళ్లు తాగి ఎంతోమందికి పళ్లు గారపట్టాయి, ఎముకలు వంగిపోయాయి. ఆ నీళ్లలో ఫ్లోరైడ్‌ను ఎవరూ కలపలేదు. అది రాతిలోంచి వచ్చింది.

ఎలాగంటారా? వాననీరు మట్టిలోకి ఇంకేటప్పుడు అక్కడి కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని కాస్త ఆమ్లగుణం తెచ్చుకుంటుంది. కింద ఉన్నది గ్రానైట్. గట్టి రాయే, కానీ నిండా పగుళ్లు. ఆ సందుల్లో నీరు చాలా నెమ్మదిగా, కొన్నిచోట్ల ఏళ్ల తరబడి కదులుతుంది. ఫిల్టరులో డికాక్షన్ నిదానంగా దిగేకొద్దీ చిక్కనవుతుంది చూడండి, ఇదీ అంతే. రాతిలోని ఫ్లోరైట్, అపటైట్, బయోటైట్ ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ కరిగి నీట్లో చేరుతుంది. నీట్లో కాల్షియం బాగా ఉంటే అది ఫ్లోరైడ్‌ను పట్టుకుని మళ్లీ ఘనపదార్థంగా మార్చేస్తుంది. కాల్షియం తక్కువై, బైకార్బనేట్ ఎక్కువైన చోట ఆ అడ్డు ఉండదు.

కృష్ణానది నీరు రాతిని అంతకాలం అంటిపెట్టుకుని ఉండదు, అందుకే అందులో ఫ్లోరైడ్ తక్కువ. ఆ నీటిని పైపుల్లో ఊళ్లకు తేవడం సరైన పని. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే దారి లేకపోతే 1.5 వరకు ఉండొచ్చని మన దేశ ప్రమాణం.

కాచితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై అది ఇంకా చిక్కబడుతుంది. రంగు, వాసన దీన్ని పట్టివ్వవు. మీ ఇంట్లో బోరునీళ్లే తాగుతుంటే ఒకసారి పరీక్ష చేయించమని పెద్దవాళ్లను అడగండి.